ధర వినపడుతుందా?

ఖరీదైన డాక్ కొంటే హెడ్‌ఫోన్లో శబ్దం నిజంగా మెరుగవుతుందా? స్త్రీల పత్రికలో ఈ ప్రశ్నేమిటని మీకనిపించవచ్చు. మామూలుగా ఇది పాటల పిచ్చి, యంత్రాల పిచ్చి రెండూ ఉన్న మగవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే విషయం. అందుకే ఇక్కడ మాట్లాడాలనుకుంటున్నాను. పైగా మాకిది డబ్బుతో ముడిపడిన ప్రశ్న.

మా దగ్గర 43 కేసెట్లున్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన ఉత్సాహంతో 1993 నుంచి 1996 దాకా ముగ్గురు మిత్రులం వరంగల్ చుట్టుపక్కల పల్లెలు తిరిగి ఆడవాళ్ళ మాటలు రికార్డు చేశాం. వాళ్ళలో కూలికి పోయేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు ఉన్నారు. చాలామంది ఇప్పుడు లేరు. గొంతులు మాత్రం బీరువాలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, హెడ్‌ఫోన్లో వింటూ అక్షరం అక్షరం రాసుకోవాలి. తలా కొంత వేసుకుని 50 వేల రూపాయలు పోగుచేశాం. హెడ్‌ఫోన్ల కోసం వెళ్ళిన ఒక దుకాణంలో, మాటలు స్పష్టంగా వినపడాలంటే ముందు మంచి డాక్ ఉండాలన్నారు. దాని ఖరీదు 42 వేలు. అంటే మా దగ్గరున్న డబ్బులో చాలాభాగం దానికే పోతుంది.

డాక్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. కంప్యూటర్లో, ఫోన్లో శబ్దం అంకెల రూపంలో ఉంటుంది. చెవికి అంకెలు వినపడవు. ఆ అంకెల్ని హెచ్చుతగ్గుల విద్యుత్తుగా మార్చేది డాక్. ఆ విద్యుత్తు హెడ్‌ఫోన్లోని పలచటి పొరను కదిలిస్తే శబ్దం పుడుతుంది. మాట్లాడే ప్రతి ఫోన్లోనూ ఒక డాక్ ఉంటుంది. తీగలేని హెడ్‌ఫోన్లలో అయితే అది హెడ్‌ఫోన్ లోపలే ఉంటుంది, కాబట్టి వాటికోసం విడిగా కొనడంలో అర్థం లేదు. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రం తీసేశారు. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. అప్పటినుంచి తీగ హెడ్‌ఫోన్లు వాడేవాళ్ళు డాక్‌ని విడిగా కొనుక్కోవాల్సి వస్తోంది. వందల రూపాయల నుంచి లక్షల రూపాయల దాకా దొరుకుతున్నాయి.

మరి లక్ష రూపాయల పెట్టె ఎక్కువగా చేసే పని ఏమిటి? 1982లో సీడీ వచ్చినప్పుడే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు అని స్థిరపడింది. మనిషి చెవి బాగా ఉన్న వయసులో 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది. ఆ మేరకు శబ్దాన్ని తిరిగి కట్టడానికి ఈ కొలతలు సరిపోతాయి. ఆ అంకెల్ని విద్యుత్తుగా మార్చే చిప్ ఇప్పుడు చాలా చవక. ఆపిల్ కంపెనీ 9 డాలర్లకు అమ్మకానికి పెట్టిన చిన్న తీగముక్కను కొలిచినవాళ్ళు, అందులో వచ్చే రొద, వక్రీకరణ సంగీతం కంటే 90 డెసిబెళ్ళకు పైగా కిందే ఉన్నాయని చూపించారు. ఫ్యాను తిరిగే గదిలో, పక్కింటి కుక్కర్ కూతల మధ్య, అంత కింద ఉన్నదాన్ని ఏ చెవీ పట్టుకోలేదు. ఖరీదైన పెట్టెలో ఆ రొద ఇంకా 20 డెసిబెళ్ళు తగ్గవచ్చు. కొలిచే యంత్రానికి ఆ తేడా తెలుస్తుంది. మనకు తెలుస్తుందా అన్నదే ప్రశ్న.

ఈ పెట్టెల గురించి రాసే సమీక్షలు చదివితే సాహిత్య విమర్శ చదివినట్టే ఉంటుంది. వెచ్చదనం, గాలి ఆడటం, నలుపు నేపథ్యం, మొహం మీంచి తెర తీసినట్టుండటం లాంటి మాటలు కనిపిస్తాయి. అక్కడ స్త్రీకి రెండే పాత్రలున్నాయి. ఒకటి, ఖర్చుకు అడ్డుపడే భార్య. 1980ల నుంచీ ఆడియో పత్రికల్లో 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్' అని ఒక మాట చెలామణిలో ఉంది. పెట్టె ఎంత పెద్దగా ఉంటే, ఎంత వికారంగా ఉంటే, భార్య ఒప్పుకునే అవకాశం అంత తగ్గుతుందని లెక్క. రెండోది, వంటింటి సాక్షి. "వంటింట్లో ఉన్న మా ఆవిడకి కూడా తేడా తెలిసిపోయింది!" అని రాసుకుంటారు. ఆ 'కూడా'లోనే ఉంది విషయమంతా. ఏమీ తెలియని మనిషి కాబట్టి ఆమె సాక్ష్యానికి విలువ. ఆమె కూర్చుని వినే మనిషి అయి ఉండవచ్చన్న ఊహ ఎక్కడా లేదు. వయసు మీదపడేకొద్దీ పై స్థాయి శబ్దాలు వినే శక్తి సగటున ఆడవాళ్ళకంటే మగవాళ్ళలోనే త్వరగా తగ్గుతుంది. అయినా చెవి నేర్పు మాత్రం మగవాళ్ళ సొత్తుగానే చూస్తారు.

దుకాణంలో 42 వేల పెట్టెతో నాకు ఒక పాట వినిపించారు. తర్వాత అదే పాట ఫోన్‌తో వినిపించారు. మొదటిది నిండుగా ఉంది. నిండుగా ఎందుకుందో కూడా నాకర్థమైంది, దాని మోత ఎక్కువగా ఉంది. రెండు శబ్దాల మధ్య కొద్దిపాటి హెచ్చు ఉంటే చెవి దాన్ని 'గట్టిగా ఉంది' అని కాక 'బాగుంది' అని గుర్తిస్తుంది. మోత పెరిగితే కింది స్థాయి, పై స్థాయి శబ్దాలు చెవికి తేలిగ్గా అందుతాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు. రెండూ సమానంగా పెట్టి వినిపించమని అడిగాను. పెట్టారు. నాకు తేడా తెలియలేదని చెప్పాను. "మీ చెవి ఇంకా అలవాటు పడలేదు మేడం, నెల రోజులు వింటే తెలుస్తుంది" అన్నారు.

ఈ మాట మనందరికీ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. తేడా తెలిస్తే పెట్టె గొప్పదని రుజువు. తెలియకపోతే మన చెవి తక్కువదని రుజువు. ఎటు తిరిగినా పెట్టె ఓడిపోదు. కవిత అర్థం కాకపోతే మీకు సంస్కారం లేదన్నారు, సంసారం బాగాలేదంటే మీకు సర్దుకోవడం తెలియదన్నారు. అనుభవం వాళ్ళకు అనుకూలంగా ఉన్నప్పుడు ప్రమాణం, లేనప్పుడు లోపం.

అయితే ఇక్కడ నాకు నిజంగా ఒక చిక్కు ఎదురైంది. మన ఉద్యమం నిలబడిందే అనుభవం మీద. నాకు ఇలా జరిగింది అని ఒక స్త్రీ చెప్తే, రుజువేదీ అని అడగకుండా వినడం నేర్చుకున్నాం. మరి ఒక మనిషి "నాకు ఈ పెట్టెలో వీణ తీగ మీద వేలు జరగడం వినపడింది" అంటే, నమ్మనని నేనెలా అనగలను? చాలా రోజులు ఆలోచించాక నాకొక సమాధానం దొరికింది. వినపడింది అన్నది అనుభవం. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. పెట్టె ఖరీదైనది కాబట్టి వినపడింది అన్నది అనుభవం కాదు, దానికి చెప్పుకున్న కారణం. కారణాన్ని ప్రశ్నించవచ్చు. ప్రశ్నించాలి కూడా. శ్రద్ధగా వింటే నిన్న వినపడనిది ఈరోజు వినపడుతుంది. డబ్బు పెట్టి కొన్నప్పుడు మనం శ్రద్ధగా వింటాం. ఆ శ్రద్ధ మనది, పెట్టెది కాదు.

కారణాన్ని పరీక్షించాలంటే పేరూ ధరా కనపడకూడదు. ఒక మిత్రురాలి అల్లుడి దగ్గర దాదాపు అంత ఖరీదున్న డాక్ ఉంటే అడిగి తెచ్చుకున్నాం. దానికి పోటీగా 900 రూపాయల తీగముక్క పెట్టాం. మా ఇంటి హాల్లో దండెం కట్టి పాత నేతచీర అడ్డంగా వేశాం. అవతల నా విద్యార్థిని లాప్‌టాప్‌తో, రెండు డాక్‌లతో కూర్చుంది. ఇవతల మేం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం హెడ్‌ఫోన్ పెట్టుకున్నాం. ముందుగా 100 హెర్ట్జ్ మోత ఒకటి పెట్టి, రెండింటి నుంచి వచ్చే వోల్టేజిని మల్టీమీటర్‌తో కొలిచి సమానం చేసింది. తర్వాత మొదటిది ఇది, రెండోది ఇది అని చెప్పి వినిపించింది. ఆపైన నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసును బట్టి ఏదో ఒకటి చెప్పకుండా వినిపించింది. అది మొదటిదో రెండోదో మేం చెప్పాలి. ప్లగ్గు చప్పుడును బట్టి పసిగట్టకుండా, మార్చినా మార్చకపోయినా ప్రతిసారీ తీసి పెట్టేది. వీణ రికార్డు ఒకటి, సినిమా పాట ఒకటి, మా కేసెట్లలోని గొంతు ఒకటి విన్నాం. తలా 20 సార్లు. ఊహించి చెప్పినా సగటున 10 కలుస్తాయి. 15 కలిస్తేగాని తేడా తెలుస్తోందని గట్టిగా అనలేం. మాకు వచ్చినవి 11, 8, 10.

ముగ్గురు ఆడవాళ్ళు ఒక మధ్యాహ్నం చేసింది శాస్త్రం కాదనవచ్చు. పెద్ద ఎత్తున చేసినవీ ఉన్నాయి. అవి డాక్‌ల ధర గురించి కాదు గానీ, దానికి చాలా దగ్గరి ప్రశ్న గురించి. సీడీ కంటే ఎక్కువ కొలతలున్న రికార్డింగుకూ, దాన్నే సీడీ స్థాయికి దించి వినిపించినదానికీ తేడా తెలుస్తుందా అని అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు పరీక్షించి 2007లో ప్రచురించారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరైన జవాబు వచ్చింది. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. ఆ 554లో స్త్రీలు విన్నవి 48 మాత్రమే. స్త్రీలు తాము కోరుకున్నంతగా పాల్గొనలేదని వాళ్ళే రాశారు. ఎవరి చెవితో ప్రమాణాలు తయారవుతున్నాయో ఆ 48 చెప్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ ఇలాంటి 18 పరీక్షల్ని కలిపి లెక్కగట్టారు. మొత్తం మీద సరైన జవాబులు 52.3 శాతం. ముందుగా శిక్షణ ఇచ్చిన శ్రోతల్లో దాదాపు 60 శాతం. అంటే ఏదో కొద్దిగా ఉంది, పూర్తిగా లేదని అనలేం. కానీ సమీక్షల్లో చెప్పినట్టు మొహం మీంచి తెర తీసినంత తేడా అయితే కాదు.

తెర అంటే మనకు ఎన్నో బాధలు గుర్తొస్తాయి. ఘోషా, పరదా, గడప. కానీ ఇదే తెర స్త్రీలకు పనికొచ్చిన సందర్భం ఒకటుంది. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలు 1970, 80లలో వాద్యకారుల ఎంపికకు అడ్డుతెర కట్టడం మొదలుపెట్టాయి. వాయించేది ఆడో మగో న్యాయనిర్ణేతలకు తెలియదు. అయిదు ప్రముఖ ఆర్కెస్ట్రాల్లో 1970లో 5 శాతం కూడా లేని స్త్రీలు 1990ల్లో 25 శాతం దాకా వచ్చారు. క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌస్ 2000లో రాసిన వ్యాసం ఈ మార్పులో తెర పాత్ర ఎంతో లెక్కగట్టింది. ఆ లెక్కలు అంత గట్టివి కావని తర్వాత కొందరు గణాంక నిపుణులు విమర్శించారు, అదీ చెప్పాలి. కానీ సూత్రం మటుకు సరైనదే. కంటికి కనపడే హోదాను పక్కనపెట్టి వినమని అడగడం వినేవాళ్ళను అవమానించడం కాదు. మగ వాద్యకారుడి గొంతులో 'బలం', ఖరీదైన పెట్టెలో 'గాలి' వినే అలవాటు ఒక్కచోటి నుంచే వస్తుంది.

అసలు తేడాలే లేవని కాదు. ఉన్నవి వేరే చోట ఉన్నాయి. హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లదైతే, దాన్ని నడిపే సాధనం అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అందులో ఎనిమిదో వంతు, అంటే 4 ఓమ్‌లు మించకూడదు. మించితే కొన్ని హెడ్‌ఫోన్లలో కింది స్థాయి శబ్దం ఉబ్బిపోతుంది. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు ఎక్కువ వోల్టేజి కావాలి, చిన్న తీగముక్క చాలకపోవచ్చు. చెవిలో దూర్చుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లలో కొన్ని సాధనాల బుస వినపడుతుంది. లాప్‌టాప్ చార్జింగులో ఉన్నప్పుడు సన్నటి గీ శబ్దం రావచ్చు. ఇవన్నీ తెర వెనక కూర్చున్నా వినపడే తేడాలు. వీటిని సరిచేసే డాక్‌లు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతాయి. ఆపైన పెట్టే డబ్బు లోహపు పెట్టెకు, గుండీలకు, పేరుకు. అవి నచ్చి కొనుక్కునేవాళ్ళను నేనేమీ అనను. పట్టుచీర వెచ్చగా ఉంటుందని కొనం కదా.

మా కేసెట్లలో శబ్దం ఎక్కడ పోతోందో హనుమకొండలో పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒకాయన చూపించాడు. టేపును చదివే హెడ్ ఏ కోణంలో రికార్డు చేసిందో అదే కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి వంగినా పై స్థాయి శబ్దాలు మాయమవుతాయి. మేం అప్పట్లో మూడు టేప్‌రికార్డర్లు వాడాం. ఒక్కోదాని వంపు ఒక్కో రకం. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ఆయన స్పిరిట్‌తో హెడ్ తుడిచి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, "మెల్లగ తిప్పుండ్రి మేడం. 'స' మంచిగ వినపడేకాడ ఆపుండ్రి" అన్నాడు. నా చెవికి శిక్షణ కావాలనలేదు. ఎక్కడ ఆపాలో నా చెవికే వదిలేశాడు.

ఆ 'స' సంగతి చెప్పాలి. అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది. స లాంటి ఊష్మాలు 4 వేల హెర్ట్జ్ పైన ఎక్కువగా ఉంటాయి. పాత టెలిఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోసేది. ఆడవాళ్ళ గొంతుల్లో ఈ ఊష్మాలు మగవాళ్ళ గొంతుల్లోకంటే ఇంకా పైకి ఉంటాయి కాబట్టి కోత పడినప్పుడు వాళ్ళ మాటే ఎక్కువ నష్టపోతుంది. పోయేది యంత్రం తప్పు వల్ల, పేరు మాత్రం ఆడగొంతు కీచుగా ఉంటుందని, సరిగ్గా అర్థం కాదని.

1994లో రికార్డు చేసిన ఒక కేసెట్లో ఒక అవ్వ తన తండ్రి ఇల్లు గురించి, తమ్ముడితో తగువు గురించి చెప్తుంది. మా రాతప్రతిలో ఆ వాక్యం "ఆ ఇంట్ల ... నాదే అన్న" అని ఉంది. చుక్కల మీద పెన్సిల్‌తో "భాగం?" అని రాసి ఉంది. స్క్రూ తిప్పుతుంటే గొంతు దుప్పట్లోంచి బయటికొచ్చినట్టు వచ్చింది. "ఆ ఇంట్ల సగం నాదే అన్న." భాగం కాదు, సగం. భాగమంటే ఎంతైనా కావచ్చు, పెద్దమనుషులు కూర్చుని ఒక బర్రెనో రెండు చీరలో ఇప్పించినా భాగమే. సగం అంటే లెక్క. 1986లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు పుట్టుకతో వాటా ఇచ్చింది గానీ, అంతకుముందే పెళ్ళయినవాళ్ళకు ఇవ్వలేదు. ఈ అవ్వ పెళ్ళి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే అయింది. ఆ చట్టం ఇవ్వనిదాన్ని నోరు తెరిచి లెక్కగట్టి అడిగింది.

ఈ వాక్యాన్ని మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించి, 900 రూపాయల తీగముక్కతోనూ విన్నాం, అరువు తెచ్చిన డాక్‌తోనూ విన్నాం. రెండింటిలోనూ సగమే. స్క్రూ తిప్పకముందు ఎక్కించినదాన్ని కూడా అరువు పెట్టెతో విన్నాం. అందులో ఆ 'స' లేదు. టేపు దగ్గర పోయినదాన్ని ఎంత ఖరీదైన డాక్ అయినా తెచ్చి ఇవ్వలేదు.

కాబట్టి మా 50 వేలు ఇలా ఖర్చుపెట్టాం. పాత టేప్‌డెక్, దానికి బెల్టులు, మరమ్మతు 9,000. ఒకటి ఇంట్లో ఒకటి వేరేచోట దాచడానికి రెండు హార్డ్‌డిస్కులు 10,000. బయటి చప్పుడు చెవిలోకి రాని తీగ హెడ్‌ఫోన్లు రెండు 8,000. తీగముక్కలు రెండు 1,800. మిగిలిన 21,200 రూపాయలు విని రాసే ఇద్దరు అమ్మాయిలకు. గంటసేపటి టేపు రాయడానికి వాళ్ళకు ఆరేడు గంటలు పడుతోంది. పుస్తకాల ముందుమాటల్లో ఇలాంటివాళ్ళకు ఒక కృతజ్ఞతా వాక్యం దక్కుతుంది, కూలి దక్కదు. పల్లెల్లో కూలి గురించి అడిగి రికార్డు చేసినవాళ్ళం, ఈ కూలి ఎగ్గొట్టలేం.

ఇప్పటికి 12 కేసెట్లు పూర్తయ్యాయి. మీలో చాలామంది దగ్గర ఇలాంటివే అటక మీద ఉండి ఉంటాయి. అమ్మమ్మ పాటలు, ఇంటర్వ్యూలు, సభల్లో ఉపన్యాసాలు. టేపు ఎప్పటికీ నిలవదు, త్వరపడండి. డాక్ కోసం డబ్బు దాచుకోనక్కర్లేదు. ముందు ఆ స్క్రూ తిప్పి చూడండి.